పర్లేదు, నొక్కెయ్

మా ఇంట్లో నా చెవిన ఎక్కువగా పడే మాట ఏదో తెలుసా? "కాఫీ అయిందా" కాదు, "ఈ పూట ఏం కూర" కూడా కాదు. "పర్లేదు, నొక్కెయ్".

ఫోన్లో ఏదో యాప్ కాంటాక్టులు చూడనిమ్మని అడుగుతుంది. "పర్లేదు, నొక్కెయ్." బిల్లు కట్టే చోట ఎర్రగా ఏదో వస్తుంది. "పర్లేదు, నొక్కెయ్." అదేంటండీ, ఎందుకొచ్చింది అని అడిగితే, "నీకు పని కావాలా, పాఠం కావాలా?" అంటారు మా ఆయన. నిజమే కదా, అవతల పొయ్యి మీద పాలున్నాయి, నాకు పనే కావాలి అనుకుని నొక్కేసేదాన్ని. పోయిన నెల దాకా.

పోయిన నెల మా ఇంట్లో కంప్యూటర్ మారింది. పాతది మా పెద్దమ్మాయి ఇంటర్లో చేరినప్పుడు కొన్నది, విండోస్ 10. దానికి మామూలుగా ఇచ్చే భద్రతా మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఆపేశారు. మా డబ్బా పాతబడిపోయింది, విండోస్ 11 దీంట్లో ఎక్కదన్నారు. సరేనని మా దర్శి బజార్లోనే ఒక షాపులో పాతది ఇచ్చేసి, పైన కొంత కట్టి, ఎవరో వాడిన లాప్‌టాప్ ఒకటి తెచ్చుకున్నాం.

షాపబ్బాయి మంచివాడే. "అక్కా, పాతదాంట్లో మీ ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఉంది కదా, అది మొత్తం దీంట్లోకి ఎత్తేశాను. మీకు తేడానే తెలీదు" అన్నాడు. నిజంగానే తెలీలేదు. కరెంటు బిల్లు, గుంటూరు మిర్చి యార్డు ధరలు, మీభూమి, చిన్నమ్మాయి కాలేజీ ఫీజు, బ్యాంకు... నేను పేర్చుకున్న వరసలోనే ఉన్నాయి. పాస్‌వర్డ్‌లు కూడా అడక్కుండానే నిండుతున్నాయి. ఇల్లు మారితే పోపులపెట్టె ఏ మూటలో ఉందో నాలుగు రోజులు వెతుక్కుంటామే, ఆ బాధ కూడా లేదు. ఎంత సుఖమో అనుకున్నాను.

ఆ రాత్రి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయాం. లాప్‌టాప్ పూర్తిగా ఆరిపోయింది.

మర్నాడు చిన్నమ్మాయి పరీక్ష ఫీజుకి ఆఖరి రోజు. అది ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుతోంది. మా ఆయనేమో కాయ కోతలకి కూలీలు వచ్చారని తెల్లారకముందే చేలోకి వెళ్ళిపోయారు. నేను వంట ముగించి తీరిగ్గా కూర్చుని కాలేజీ సైటు తెరిచాను. రాలేదు. ఇంగ్లీషులో నాలుగు లైన్లు వచ్చాయి. "సెక్యూర్" అన్న మాట కనపడింది, "కనెక్షన్" అన్న మాట కనపడింది. మిగతాది నేను చదవలేదు. బ్యాంకు తెరిచాను, అవే నాలుగు లైన్లు. ఆఖరికి మిర్చి ధరలు తెరిచినా అవే.

మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏమండీ, సెక్యూర్ కాదంటోంది."

"ఎప్పుడూ వచ్చేదేగా. పర్లేదు, నొక్కెయ్."

"నొక్కడానికి ఏమీ లేదండీ. మళ్ళీ ప్రయత్నించు అనే బటన్ ఒక్కటే ఉంది."

"అయితే అదే నొక్కుతా ఉండు" అని పెట్టేశారు. ఆయన్ని అనడానికి లేదు. పక్కన ముప్పై మంది కూలీలు, ఎండ ఎక్కకముందే కాయ కళ్ళానికి చేరాలి.

షాపబ్బాయికి చేశాను. "యాంటీవైరస్ తీసేసి చూడండక్కా. కాకపోతే సెట్టింగుల్లో చెకింగే ఆపేద్దాం, పర్లేదు" అన్నాడు. వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న మా అత్తయ్య ఇదంతా వింటూ, "వస్తువు ఇంటికి తెచ్చేటప్పుడు తేదీ చూసుకోవద్దంటమ్మా? అమావాస్య ముందు తెచ్చారు" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పదకొండింటికి చిన్నమ్మాయి ఫోన్ చేసింది. విషయం చెప్పాను. "అమ్మా, తెర మీద ఏముందో ఒక్కో అక్షరం చదువు" అంది. చదివాను. రెండో వాక్యంలోనే ఉంది, మీ కంప్యూటర్ ఈ రోజు 2018 జనవరి 1 అనుకుంటోంది అని. కింద మూల చూస్తే నిజంగానే 2018. అంటే మా అత్తయ్య చెప్పిందే కరెక్టు. తేదీ చూసుకోలేదు!

లాప్‌టాప్‌లో గడియారాన్ని నడిపించే బిళ్ళ లాంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుందట. ఎన్నాళ్ళో వాడకుండా పడుండి అది చచ్చిపోయింది. ఛార్జింగ్ మొత్తం అయిపోయేసరికి గడియారం వెనక్కి పోయింది. తేదీ సరిచేశాను, అన్నీ తెరుచుకున్నాయి. ఫీజు కట్టేశాను. ఇంతే కథ అయితే నేనిది రాసేదాన్నే కాదు.

ముందు ఆ తేదీకీ సైటు తెరుచుకోవడానికీ సంబంధమేంటో నాకు అర్థమైనట్టు చెప్తాను. మా ఆయన శనగ విత్తనాలు కొనేటప్పుడు చూశాను. సంచికి కుట్టిన నీలం ట్యాగ్ తిప్పి చూస్తారు. ధ్రువీకరించింది ఎవరు, ఏ రకం, గడువు ఎప్పటిదాకా అన్నీ చదివి, బిల్లు తీసుకుని గానీ కదలరు. బ్యాంకు సైటు కూడా మన దగ్గరికి అట్లాంటి ట్యాగ్‌తోనే వస్తుంది. దాన్నే సర్టిఫికెట్ అంటారు. ఫలానా పేరు గల సైటు నేనే అని, ఫలానా సంస్థ నాకు హామీ అని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని అందులో ఉంటుంది. బ్రౌజర్ ఆ హామీ సంస్థ తన నమ్మకస్తుల జాబితాలో ఉందా అని చూసుకుంటుంది, తేదీని మన కంప్యూటర్ గడియారంతో పోల్చుకుంటుంది. 2018లో ఉన్న కంప్యూటర్‌కి ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే కాదు పొమ్మంది.

ఈ గడువులు కూడా రానురాను పొట్టివైపోతున్నాయి. 2020 సెప్టెంబర్ నుంచి కొత్త సర్టిఫికెట్లకి 398 రోజులకి మించి ఇవ్వకూడదన్నారు. దాన్ని కూడా మెట్టుమెట్టుగా తగ్గించి 2029కల్లా 47 రోజులకి తేవాలని 2025లో తీర్మానించారు. గడియారం తప్పితే ఇక ముందు మరీ ఇబ్బంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ ఆదివారం చిన్నమ్మాయి ఇంటికి వచ్చింది. "అమ్మా, ప్రొఫైల్ మొత్తం ఎత్తి పోశాడంటున్నావు, ఏమేం వచ్చాయో చూద్దాం" అని కూర్చుంది. ప్రొఫైల్ అంటే మన పేరు, మన బొమ్మ అనుకునేదాన్ని. కాదు. అదొక ఫోల్డరు. మనం దాచుకున్న సైట్లు, ఎక్కడెక్కడ తిరిగామో ఆ చరిత్ర, పాస్‌వర్డ్‌లు, వీటితో పాటు ఇంకో చిన్న ఫైలు ఉంటుంది. హెచ్చరిక వచ్చినా లెక్కచెయ్యకుండా "అక్సెప్ట్ ద రిస్క్ అండ్ కంటిన్యూ" అని మనం నొక్కిన సైట్ల పట్టీ అది. సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అక్కడ వ్యూ సర్టిఫికెట్స్, అందులో సర్వర్స్ అనే వరసలో కనపడుతుంది.

నా పట్టీలో ఏడున్నాయి. ఏడు "పర్లేదు"లు.

ఒకటి మా ఇంటి వైఫై డబ్బా సెట్టింగుల పేజీ. అది మన ఇంట్లోదే, దానికి బయటి హామీ ఉండదు, తప్పు లేదంది మా అమ్మాయి. ఒకటి పెద్దమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టినప్పటిది. నెట్ సెంటర్ అతను "నొక్కండమ్మా, వెనక లైనుంది" అంటే అక్కడ నొక్కి, అదే అలవాటున ఇంటికొచ్చి ఇక్కడా నొక్కాను. ఒకటి ఏదో ఫలితాల సైటు. ఇట్లా ఆరింటికి ఏదో ఒక జ్ఞాపకం ఉంది. ఏడోది ఏ సైటో, ఎందుకు తెరిచానో, ఎప్పుడు నొక్కానో నాకు బొత్తిగా గుర్తు రాలేదు. దాని పక్కన మాత్రం "పర్మనెంట్" అని ఉంది. ఈ సర్టిఫికెట్‌తో వచ్చినవాణ్ణి ఇక ఎప్పుడూ ఆపొద్దు, అడగొద్దు అని నేనే నా చేత్తో రాసిచ్చినట్టు. ఊరూపేరూ తెలియనివాడికి ఇంటి తాళంచెవి ఇచ్చి, ఇచ్చిన సంగతే మర్చిపోవడం అంటే ఇదే.

కంప్యూటర్ మారిస్తే ఆ పాత పొరపాట్లు పాతదాంట్లో పోవాలి కదా? పోలేదు. భద్రంగా మూటగట్టుకుని కొత్త ఇంటికి వచ్చాయి. మిరపకాయ టిక్కీలు తొక్కేముందు తాలు ఏరతాం. ఎంత తొందరున్నా ఏరతాం. మా ప్రొఫైల్‌ని మాత్రం తాలుతో సహా తొక్కేశాం.

ఆ పట్టీ చూస్తుండగానే నాకు ఇంకో సంగతి తట్టి గుండె ఝల్లుమంది. ఇదంతా దీంట్లోకి వచ్చిందంటే, పాతదాంట్లో కూడా ఉన్నట్టే కదా! ఎత్తేశాను అన్నాడు గానీ అది నకలు తీయడమే, తీసెయ్యడం కాదు. పాత డబ్బా షాపులో ఉంది. నా బ్యాంకు పాస్‌వర్డ్, మా ఆయనది, పిల్లలవి అన్నీ అందులోనే. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ అని ఒకటి పెట్టుకుంటే, అది తెలియనివాళ్ళకి దాచిన పాస్‌వర్డ్‌లు కనపడవు. అట్లాంటిది ఒకటుందని మాకు తెలీనే తెలీదు. ఎవరు తెరిచినా కన్ను బొమ్మ మీద ఒక్క నొక్కుతో చదువుకోవచ్చు.

సోమవారం పొద్దున్నే షాపుకి వెళ్ళాను. మా డబ్బా ఇంకా అక్కడే ఉంది, ఎవరికీ అమ్మలేదు. దేవుడి దయ. పక్కన అట్లాంటివే ఇంకో నాలుగైదున్నాయి. "బాబూ, అందులోది మొత్తం నా ముందర తుడిచెయ్యి" అన్నాను. "పర్లేదక్కా, అమ్మేముందు మేం చూసుకుంటాం" అన్నాడు. "నాకు పర్లేదు కాదు. ఇప్పుడే కావాలి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. విండోస్ రీసెట్‌లో అన్నీ తీసేసి డ్రైవ్‌ని శుభ్రంగా తుడిచే పద్ధతి ఉంది, అదే పెట్టించాను. మధ్యాహ్నం అయింది. ఆ అబ్బాయి నన్ను విసుక్కోలేదు గానీ ఒక మాటన్నాడు. "ఇన్నేళ్ళల్లో ఇది అడిగింది మీరొక్కరేనక్కా."

ఆ మాట విన్నాక వచ్చిన కోపం ఆ అబ్బాయి మీద కాదు, నా మీద కూడా కాదు. ఆ "పర్లేదు" మీద.

ఎందుకంటే మగవాళ్ళు వాళ్ళ వస్తువుల దగ్గర ఆ మాట అనరు. విత్తనాల సంచికి ట్యాగ్ చిరిగుంటే మా ఆయన "పర్లేదు, నాటేద్దాం" అంటారా? డీలర్‌తో పోట్లాడతారు. నకిలీ విత్తనంతో ఒక పంట పోతే ఏమవుతుందో మా వైపు ఇంటింటికీ తెలుసు. ఆడవాళ్ళం ఇంటి దగ్గర కూర్చుని ఫీజులూ బిల్లులూ కడుతున్నది కూడా ఆ పంట డబ్బుతోనే. కానీ మా దగ్గరికి ట్యాగ్ లేని సంచి వస్తే మాత్రం నొక్కెయ్యమంటారు. మనకి పని చెయ్యడం నేర్పుతారు, కారణం నేర్పరు. మనం కూడా అడగం. అడిగితే ఏమీ తెలీనిదాన్ననుకుంటారని మొహమాటం.

మా ఆయన వాదన కూడా చెప్పాలి కదా. "నూటికి తొంభైసార్లు అది ఉత్తదే. నువ్వు నొక్కిన ఏడిట్లో ఎన్ని దొంగవి? పనులు ఆపుకుని కూర్చుంటామా?" అంటారు. ఆ లెక్క ఆయన ఊహే అయినా, చాలాసార్లు అది ఎవరో సర్టిఫికెట్ గడువు చూసుకోక వచ్చేదేనని మా అమ్మాయి కూడా ఒప్పుకుంది. అందుకే ఆ సైట్లు నడిపేవాళ్ళని కూడా నేను తప్పు పడతాను. దరఖాస్తులకి ఆఖరి తేదీ మనకి పెడతారు, వాళ్ళ సర్టిఫికెట్ ఆఖరి తేదీ వాళ్ళు చూసుకోరు. వేలమంది పిల్లలూ తల్లులూ గత్యంతరం లేక నొక్కి లోపలికి పోతారు. అక్కడ నేర్చుకున్న అలవాటే రేపు అసలు దొంగ ముందర కూడా పనిచేస్తుంది. పైగా ఆ హెచ్చరిక ఇంగ్లీషులో. తెలుగులో ఉంటే "తేదీ తప్పు" అన్న మాట మా అత్తయ్యకి కూడా అర్థమయ్యేది.

అసలు దొంగలంటూ ఉంటారా అంటే, ఉంటారు. 2014 జూలైలో మన దేశంలోనే జరిగింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌కి సర్టిఫికెట్లు ఇచ్చే అధికారం ఉండేది. అక్కణ్ణుంచి గూగుల్ సైట్ల పేరు మీద, గూగుల్‌కి తెలియకుండా సర్టిఫికెట్లు జారీ అయ్యాయి. గూగుల్ వాళ్ళే కనిపెట్టి బయటపెట్టారు, వాటికి మూలమైన సర్టిఫికెట్లని మన ప్రభుత్వ సంస్థ రద్దు చేసింది. అంత పెద్దచోటే ట్యాగులు దొంగవి పుట్టినప్పుడు, అసలు ట్యాగే సరిగ్గా లేదని బ్రౌజర్ అరుస్తుంటే చెవులు మూసుకోవడం ఏం తెలివి?

అట్లాగని తాళం గుర్తు ఉంటే చాలు, సైటు మంచిదే అనుకోకండి. మోసం సైట్లు కూడా సర్టిఫికెట్ తెచ్చుకుంటాయి. జనం ఆ తాళాన్ని చూసి నమ్మేస్తున్నారనే 2023లో క్రోమ్ వాళ్ళు ఆ గుర్తునే మార్చేశారు. సర్టిఫికెట్ చెప్పేది ఒక్కటే, అడ్రసులో ఉన్న పేరు ఆ సైటుదే, మధ్యలో ఎవరూ మాట వినడం లేదు అని. ఆ పేరు మన బ్యాంకు పేరా కాదా అన్నది మనమే చదువుకోవాలి.

ఇప్పుడు నేను చేస్తున్నవి చెప్తాను, పెద్ద విద్యేం కాదు. హెచ్చరిక వస్తే ముందు మొత్తం చదువుతాను, రాకపోతే ఫోన్‌తో ఫోటో తీసి తెలుగులోకి మార్పించుకుంటాను. అన్ని సైట్లకీ వస్తుంటే తప్పు మన ఇంట్లోదే అయి ఉంటుంది, ముందు తేదీ, తర్వాత యాంటీవైరస్. కొన్ని యాంటీవైరస్‌లు మధ్యలో కూర్చుని తమ సర్టిఫికెట్ చూపిస్తాయట, కంప్యూటర్ మారినప్పుడు ప్రొఫైల్‌లో మిగిలిన పాతదానికీ కొత్తదానికీ పొంతన కుదరక ఇదే గోల వస్తుందట. ఒక్క సైటుకే వస్తుంటే తప్పు ఆ సైటు వైపుది కావచ్చు, అప్పుడు ఆగిపోతాను. అక్కడ పాస్‌వర్డ్ గానీ కార్డు నంబరు గానీ కొట్టను. వాళ్ళకే ఫోన్ చేసి అడుగుతాను. కొన్ని సైట్లకి ముందుకి పొయ్యే బటనే ఉండదు, అది చెడిపోయి కాదు, ఆ సైటువాళ్ళే ఎవరినీ అట్లా రానివ్వొద్దని ముందే చెప్పి పెట్టుకుంటారు. కంప్యూటర్ మార్చే రోజున ఆ "పర్లేదు"ల పట్టీ ఖాళీ చెయ్యడం, పాతదాన్ని మన ముందర తుడిపించడం, పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం ఒక పూట పని. పొరపాటున డబ్బే పోతే 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలని ఫ్రిజ్ మీద రాసి పెట్టాను.

మొన్న రాత్రి మా ఆయన తన ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "ఇదేదో అడుగుతోంది, ఏందో చూడు" అన్నారు. నేను చపాతీలు కాలుస్తున్నాను, చేతుల నిండా పిండి. నా నోటి చివరిదాకా వచ్చేసింది ఆ మాట, "పర్లేదు..." అని. నాలిక్కరుచుకున్నాను. స్టవ్ ఆపి, చెయ్యి కడుక్కుని, ఇద్దరం కలిసి చదివాం. అక్కర్లేని యాప్ ఏదో మెసేజీలన్నీ చూడనిమ్మంటోంది. వద్దని నొక్కాం. ఒక్క చపాతీ గట్టిపడింది, అంతే.

మీరూ ఈసారి కంప్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు ఆ పట్టీ తెరిచి చూసుకోండి. మీ మూటలో ఎన్ని తాలు కాయలున్నాయో లెక్క తేలుతుంది.